మందుల ఫ్రిజ్‌లో కోనాం పులుసు

మా బరువు తగ్గించే క్లినిక్‌కి తాళం పడబోయిన రోజు గురించి చెబుతాను. ఆ తాళం వేయించబోయింది పోటీ క్లినిక్ వాళ్ళూ కాదు, ప్రభుత్వమూ కాదు. అక్షరాలా నేనే. అది కూడా పొరపాటున చెయ్యి తగిలి కాదు, ముందురోజు నుంచీ ఏర్పాట్లు చేసుకుని, సెలవు పెట్టుకుని, బస్సెక్కి వెళ్ళి మరీ చేశాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం గోడ పట్టుకుని నిలబడ్డాను.

మా క్లినిక్ విశాఖలో బీచ్ రోడ్డుకి దిగే దారిలో, ఒక బట్టల షాపు పైఅంతస్తులో ఉంది. డాక్టరుగారు పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం మానేసి, ఉన్నదంతా దీనిమీద పెట్టి తెరిచారు. నేను ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ని. మేనేజరంటే ఏదో అనుకునేరు. ఫోనెత్తడం, పేషెంట్లని బరువు మిషనెక్కించడం, ఎక్కినవాళ్ళు అంకె చూసి అలిగితే బుజ్జగించడం, ఇదీ నా పని. స్టీల్‌ప్లాంటులో ఇనుము వంచినవాళ్ళు, పోర్టులో ఓడల్ని ఒడ్డుకి తెచ్చినవాళ్ళు కూడా మా మిషను దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్లలైపోతారు. వాచీ తీస్తారు, బెల్టు తీస్తారు, ఊపిరి బిగబడతారు. ఊపిరికి బరువుండదని చెప్పినా వినరు.

లోపలి గదిలో ఒక చిన్న ఫ్రిజ్ ఉంది. బరువు తగ్గడానికి వారంవారం చేసే ఇంజెక్షన్లు అందులోనే ఉంటాయి. దాన్ని డాక్టరుగారు చూసుకున్నట్టు ఎవరూ కన్నబిడ్డని కూడా చూసుకోరు. లోపల థర్మామీటరు, తలుపుమీద పొద్దున్నా సాయంత్రం రాయాల్సిన చార్టు, పైన తాళం. "ఈ క్లినిక్‌లో అన్నిటికన్నా విలువైన వస్తువులు ఇందులో ఉంటాయి, గుర్తుపెట్టుకో" అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. నేను గుర్తుపెట్టుకున్నాను. అసలు గొడవంతా ఆ గుర్తుపెట్టుకోవడం వల్లే వచ్చింది.

ఒకరోజు జిల్లా ఆరోగ్యశాఖ నుంచి కబురొచ్చింది. క్లినిక్ రిజిస్ట్రేషన్ పొడిగించడానికి తనిఖీ అధికారి మర్నాటికి మర్నాడు వస్తున్నారు. వాళ్ళు సరే అంటే క్లినిక్ నడుస్తుంది, కాదంటే మూసుకోవాలి. డాక్టరుగారు ఆ కబురుతోనే రెండు కిలోలు తగ్గినట్టు కనిపించారు. నాకూ గుండెల్లో రాయి పడింది. మా ఇంట్లో మెడలో టై కట్టుకుని ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఆ టై అంత తొందరగా విప్పాలని నాకు లేదు.

కాగితాలన్నీ డాక్టరుగారే చూసుకున్నారు. నాకు అప్పజెప్పింది ఒక్కటే పని. వచ్చినవాళ్ళకి టీ, బిస్కట్లు సిద్ధంగా ఉంచమన్నారు.

బిస్కట్లన్న మాట నా చెవికి కటువుగా తగిలింది. మాది ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. మా ఇంటికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా అన్నం తినకుండా వెళ్ళింది లేదు. ఆయన తరవాత ఎన్ని ఇళ్ళ మీటర్లు చూడగలిగాడన్నది వేరే సంగతి. అలాంటిది మన బతుకు తేల్చడానికి వచ్చే మనిషికి బిస్కట్టా? వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"బిస్కట్లేటిరా, సిగ్గు లేకుండా" అంది అమ్మ. "అంత సదువుకున్న మనిసి మన గుమ్మంలోకొస్తే బిస్కట్టెట్టి పంపిత్తారేటి? రేపు కోనాం సేప తెప్పించి పులుసెడతాను. నువ్వొచ్చి అట్టుకెళ్ళు."

చేపల పులుసు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వండిన రోజు అది ఉత్త కూర. రాత్రంతా నాని, ముక్కకి పులుపు పట్టి, మర్నాటికే పులుసవుతుంది. అందుకే సగం రోజు సెలవు పెట్టి, ముందురోజే వెళ్ళి, మట్టిదాకకి మూతపెట్టి, పైన గుడ్డ వాసెన కట్టించుకుని, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాను. పక్కన కూర్చున్నాయన మద్దిలపాలెం వరకూ నావైపే తిరిగి కూర్చున్నాడు. నన్ను చూసి కాదని నాకు తెలుసు.

క్లినిక్‌కి చేరేసరికి అందరూ వెళ్ళిపోయారు. దాక ఎక్కడ పెట్టాలి? వంటగది లేదు. బల్లమీద పెడితే చీమలు, కిటికీ దగ్గర పెడితే పిల్లి. ఇంట్లో పులుసు తినడమే గానీ అది రాత్రిపూట ఎక్కడ ఉంటుందో నేనెప్పుడూ పట్టించుకోలేదు. అప్పుడు డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. విలువైన వస్తువులుండే చోటు ఒకటుందిగా. ఇంజెక్షన్ పెట్టెల్ని పైఅరలోకి వరసగా సర్ది, దాకని కింద అరలో కూర్చోబెట్టి తాళం వేశాను. ఎంత బాగా అమరిందో చెప్పలేను. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

పొద్దున్నే తీసి బయట పెడదామనే అనుకున్నాను. కానీ డాక్టరుగారు నన్ను నిలవనిస్తేనా. బోర్డు తుడవమని, కుర్చీలు సర్దమని, గోడమీద డిగ్రీలు వంకరగా ఉన్నాయని పరుగులు పెట్టించారు. ఇంతలో అధికారి వచ్చేశారు. సన్నగా, నేత చీరలో, కళ్ళజోడుతో ఒకావిడ. మాట్లాడితే పాఠ్యపుస్తకం చదివినట్టుంది. టీ తెమ్మంటారా అని అడిగాను.

"తనిఖీ సమయంలో నేను ఏమీ స్వీకరించను. మంచినీళ్ళు కూడా నావే తెచ్చుకుంటాను" అన్నారు.

చూశారా, రిజిస్ట్రేషన్ ఏమవుతుందో అన్న భయం కన్నా, పులుసేం కావాలన్న బెంగే నాకు ఎక్కువైంది. మేడం మాత్రం నిదానంగా అన్నీ చూసుకుంటూ వచ్చారు. మంటలార్పే సిలిండరు, సూదులు పారేసే డబ్బాలు, డాక్టరుగారి పట్టాలు, అన్నిటికీ తల ఊపారు. ఒక్కో ఊపుకీ డాక్టరుగారి మొహం విచ్చుకుంటోంది. ఆఖరికి లోపలి గదిలోకి వెళ్ళి ఫ్రిజ్ తెరవమన్నారు.

తెరిచాను. చింతపండు, మెంతులు, పచ్చిమిరపకాయ, కోనాం, అన్నీ కలిసి ఒక్కసారి బయటికొచ్చి మేడంకి స్వాగతం పలికాయి. డాక్టరుగారు దాకని చూశారు. తరవాత నన్ను చూశారు. ఆ చూపు మీ మీద పడకూడదని కోరుకుంటున్నాను.

"ఇది ఏమిటి?" అన్నారు మేడం.

నిజం చెప్పి ఉంటే అక్కడితో పోయేది. కానీ భయంలో నా నోరు నన్నడక్కుండా పనిచేస్తుంది. "కౌన్సెలింగ్ మెటీరియల్ మేడం" అంది అది. వివరించమన్నారు. బరువు తగ్గాలనుకునేవాళ్ళ ముందు ఇలాంటి వంటలు పెట్టి, తినకుండా నిగ్రహించుకోవడం నేర్పిస్తామని వివరించాను. డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

మేడం మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. "మంచి పద్ధతి. ఒకసారి చేసి చూపించండి" అన్నారు.

ఇక్కడ నా అదృష్టం బాగుందనే అనుకున్నాను. హాల్లో గౌస్ భాయ్ కూర్చుని ఉన్నాడు. వన్‌టౌన్‌లో అత్తర్ల కొట్టు ఆయనది, నన్ను బావా అని పిలుస్తాడు. ఇంజెక్షన్లు మొదలెట్టాక తిండిమీద ధ్యాసే పోయిందని వచ్చినప్పుడల్లా చెబుతుంటాడు. ఇంతకన్నా మంచి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, దాక ముందు పెట్టి మూత తీశాను. గౌస్ భాయ్ లోపలికి తొంగి చూశాడు.

"నాకొద్దు బావా" అన్నాడు.

డాక్టరుగారు కళ్ళు తెరిచారు. మేడం పెన్ను కదిలింది. నేను మూత పెట్టేస్తే కథ సుఖంగా ముగిసేది. కానీ ఒక్క ముక్కయినా వద్దా అని నేనెందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. గౌస్ భాయ్ మొహం పక్కకి తిప్పుకుని, చూపుడువేలితో దాకని అవతలికి తోశాడు.

ఆ వేలు చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. క్లినిక్ పరువు నిలబడాలంటే ఆయన వద్దనాలి. కానీ వద్దంటే మా అమ్మ పరువేం కావాలి?

"ఏటి భాయ్, యేలెట్టి తోసేత్తన్నావ్? మాయమ్మ పొయ్యికాడ కూకొని మేడం కోసరమని వొండితే, నీకలా కనబడతందేటి?"

నేనన్న మాట నాకే రెండోసారి వినిపించింది. అప్పుడు తెలిసింది ఏం చేశానో.

"మీ అమ్మగారు వండారా? నా కోసమా?" అన్నారు మేడం.

ఇంక దాచడానికేముంది. ఆనందపురం నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. డాక్టరుగారు బిస్కట్లే తెమ్మన్నారని, ఆయనకి ఏమీ తెలియదని, తీసేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యమని, క్లినిక్‌ని ఏమీ చెయ్యొద్దని బతిమాలాను. నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు డాక్టరుగారు ముందుకొచ్చి, "తాళం ఎవరి దగ్గరున్నా ఆ ఫ్రిజ్ బాధ్యత నాదే మేడం" అన్నారు. చెడామడా తిట్టినా నాకు అంత సిగ్గేసేది కాదు. ఆయన్ని అలా నిలబెట్టినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

మేడం థర్మామీటరు చూశారు, చార్టు చూశారు, ఒక్కో పెట్టే తీసి సీలు పరీక్షించారు. దేనికీ ఏమీ కాలేదు. మందులకి మాత్రమే వాడాల్సిన ఫ్రిజ్‌లో ఆహారం ఉంచారని రాశారు. నాచేత వెంటనే కడిగించారు. తాళంచెవి డాక్టరుగారి దగ్గరే ఉండాలన్నారు. చెప్పకుండా మళ్ళీ వస్తానని, అప్పుడు సరిగ్గా ఉంటే రిజిస్ట్రేషన్‌కి సిఫారసు చేస్తానని అన్నారు. అన్నట్టే వచ్చి చూసి, సిఫారసు చేశారు కూడా. మా క్లినిక్ ఇప్పటికీ నడుస్తోంది, నేను ఇప్పటికీ అక్కడే టై కట్టుకుని బరువులు చూస్తున్నాను. ఆ రోజు మనసులో మాత్రం, బతికిపోయాం, ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

వెళ్ళబోతూ మేడం బల్లమీదున్న దాక దగ్గర ఆగారు. గౌస్ భాయ్‌ని చూసి, మందు వల్లే వద్దన్నారా అని అడిగారు.

"మందు వల్ల కాదమ్మా" అన్నాడు ఆయన. "పొద్దుట్నుంచి ఆకలేస్తానే ఉంది. అదలాగ గెడ్డకట్టీసుంటే ఎలాగ తినడం?"

డాక్టరుగారి మొహం మళ్ళీ వాడిపోయింది. మేడం వంగి దాకలోకి చూశారు. పులుసు నిజంగానే బిగుసుకుపోయి, ముక్కలు అందులో ఇరుక్కుని ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. పాఠ్యపుస్తకం కూడా దాంతోపాటే పక్కకెళ్ళిపోయింది.

"ఇలారా బాబూ" అన్నారు నాతో. "మాది భీమిలి. మందుల ఫ్రిజ్జిలో పులుసెట్టడం తప్పు, అది రాసీసేను. కానీ పులుసుని అట్టుకెళ్ళి ఫ్రిజ్జిలో ఎట్టడం అంతకన్నా పెద్ద తప్పు. మూతెట్టి ఓ మూల వొగ్గీయాలి గానీ, ఇదేటి పని? నా ఫారంలో దానికి గడి లేకపోయింది. ఉండుంటే ఈ రోజే మీకు తాళమేయించీదాన్ని."

మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఎదురుగా ఉన్న బంగాళాఖాతం సాక్షిగా, బరువు మిషను మీద కుడికాలు మోపి, ఊపిరి బిగబట్టకుండా ప్రమాణం చేస్తున్నాను. ఈ కట్టె కాలేవరకూ చేపల పులుసుని ఏ ఫ్రిజ్‌లోనూ పెట్టను. మందుల ఫ్రిజ్ గురించి విడిగా ప్రమాణం చెయ్యడం లేదు. నేను పెడదామనుకున్నా, డాక్టరుగారు తాళంచెవి ఇవ్వరు.