పోపు డబ్బాలో పిల్లనగ్రోవి

మా ఇంట్లో కృష్ణుడికి కూడా షిఫ్టులుండేవి. మా ఆయన పగటి డ్యూటీలో ఉన్న వారం కృష్ణుడు పిల్లనగ్రోవి పట్టుకుని నిలబడేవాడు. మా ఆయన రాత్రి డ్యూటీకి మారిన వారం మాత్రం, పొద్దున ఇంటికొచ్చి పడుకోగానే అత్తమ్మ కృష్ణుడి చేతుల్లోంచి పిల్లనగ్రోవిని తీసి, పోపు డబ్బాలో ఆవాల గిన్నెలో పెట్టేది. సాయంత్రం కొడుకు లేచి ముఖం కడుక్కున్నాక మళ్లీ తెచ్చి దేవుడి చేతుల్లో దూర్చేది. ఈ పద్ధతి ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. అత్తమ్మకూ తెలియదు. మా ఇంట్లో ఆమె పెట్టిందే శాస్త్రం.

ఇది తొంభైల నాటి మాట. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వెనక, ఒకదానికొకటి అతుక్కున్న వరస ఇళ్లలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. కొండాపూర్ దిక్కు పల్లె నుంచి అత్తమ్మ మా దగ్గరికి వచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టెనూ, ఒక రోకలినీ, ఈ ఇత్తడి కృష్ణుణ్ణీ తెచ్చుకుంది. కృష్ణుడు జానెడు ఉంటాడు. పిల్లనగ్రోవి విడిగా ఉంటుంది, అగరుబత్తి పుల్లంత ఇత్తడి కడ్డీ. రెండు పిడికిళ్ల సందులో దూరుస్తే నిలుస్తుంది, గుంజితే వస్తుంది. అది లేనప్పుడు కృష్ణుడు రెండు చేతులూ మూతి పక్కన పెట్టుకుని పన్ను నొప్పి ఉన్నవాడిలా కనిపించేవాడు. నేనా మాట అంటే అత్తమ్మ చెంపలు వేసుకునేది, నా తరఫున.

కొత్తలోనే అడిగాను. “దేవుని చేతులకెల్లి గుంజుకునుడేంది అత్తమ్మా? పాపం గాదా?”

“ఏం పాపం? పిల్లగాడు రాత్రంత నిలబడి వచ్చిండు. గిప్పుడు ఆయన ఊదుడు షురూ చేస్తే నిద్ర పడతదా?”

“అది ఇత్తడి కడ్డీ అత్తమ్మా. మోగదు.”

“నీకు మోగదు.”

నాకెందుకు మోగదో కూడా చెప్పింది. వెదురు ముక్కలో ఏముంది? ఏమీ లేదు. గుజ్జు లేదు, గింజ లేదు, నాది అనేది లేదు. కిరీటం ఎంత బంగారమైనా నెత్తి దగ్గరే ఆగిపోయింది, హారాలు మెడ దగ్గర ఆగిపోయాయి, ఏమీ లేని వెదురు ముక్క మాత్రం దేవుడి పెదవుల దాకా పోయింది. “నీ లోపట గంపెడు కూరి ఉన్నది పిల్లా. ఆయన ఊదినా గాలి యాడికెల్లి పోవాలె?” అన్నది. నాకు కోపం వచ్చి గిన్నెలు గట్టిగా తోమాను.

ఇంకొకటి కూడా చెప్పేది, బియ్యంలో రాళ్లేరుతూ. “కంటికి రెప్ప పెట్టిండు. నోటికి పెదవులు పెట్టిండు. చెవికి మూత పెట్టలె. ఎందుకో ఎరుకేనా? తాను పిలిస్తే ఇనాలెనని. పండుకున్నోని చెవి గూడ తెరిచే ఉంటది. ఇన్నోళ్లు ఇగ ఇంట్ల ఉండరు. పాలు పొయ్యి మీద ఇడిసి పోయిండ్రు గొల్లోళ్ల ఆడోళ్లు.”

పాలు పొయ్యి మీద వదిలి పరుగెత్తడం మా లైన్లో రోజూ జరిగేదే, కాకపోతే ఫ్యాక్టరీ సైరన్‌కు. “గోపికలంత ఈడనే ఉన్నరు గదా అత్తమ్మా, జనరల్ షిఫ్టుల,” అన్నాను.

“నీ నోట్ల మన్నువడ,” అన్నది. నవ్వింది కూడా.

మా ఆయన పనిచేసేది కంప్రెసర్ గదిలో. గాలిని మిషన్లతో నొక్కి నొక్కి పైపుల్లోకి పంపే చోటు. అక్కడ మనుషులు మాట్లాడుకోరు, సైగలు చేసుకుంటారు. చెవుల్లో దూది పెట్టుకుంటే సూపర్‌వైజర్ పిలుపు వినబడదని తిట్లు పడతాయి కాబట్టి దూది జేబులో పెట్టుకునేవాడు. కొడుకు ఏం కొలువు చేస్తాడని చుట్టాలు అడిగితే అత్తమ్మ, “కిష్టయ్య చేసే పనే. గొట్టంల గాలి ఊదుడు,” అని చెప్పేది. వాళ్లు మా ఆయన పెళ్లిళ్లలో సన్నాయి ఊదుతాడనుకునేవాళ్లు. పెళ్లికి పిలిచిన వాళ్లూ ఉన్నారు.

పక్కింట్లో బిహార్ ఆమె ఉండేది, వాళ్లాయనవీ రాత్రి డ్యూటీలే. మా కృష్ణుడి ఖాళీ చేతులు చూసి మొదట లబలబలాడింది. “అమ్మాజీ! కన్హయ్యాకీ బాఁసురీ కహాఁ?” అత్తమ్మ తనకొచ్చిన హిందీలో, “బేటా సోతా, బాఁసురీ బంద్,” అని తేల్చేసింది. ఆమె మా ఆయన నిద్ర చూసింది. రేకుల మీద వాన పడినా, గల్లీలో పిల్లలు కొట్టుకున్నా కదలని నిద్ర. వారం తిరిగేసరికి వాళ్లింట్లో కన్హయ్య చేతులూ ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత మూల ఇంట్లో, ఆ ఎదురింట్లో. మా లైన్లో పగలు ఎవరింటికి వెళ్లినా కృష్ణుడికి పన్ను నొప్పే.

ఒక మధ్యాహ్నం కుక్కర్ మీద సీసం బిళ్ల ఎగిరిపోయింది. పప్పంతా పైకప్పుకు అంటుకుంది. ఆ చప్పుడుకు లైన్లో ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. అడ్డగోడ అవతల మా ఆయన పడుకునే ఉన్నాడు.

“చూసిండ్రా?” అన్నది అత్తమ్మ అందరితో, గర్వంగా. “పిల్లంగోవి తీస్తే గట్ల పడతది నిద్ర.”

అందరూ తల ఊపారు. నేను ఊపలేదు. లోపలికి వెళ్లి ఆయన తల దగ్గర చప్పట్లు కొట్టాను. తర్వాత స్టీలు పళ్లెం తెచ్చి బండల మీద ఎత్తేశాను. అత్తమ్మ వంటింట్లోంచి తిట్టింది. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. పళ్లెం తీసి మళ్లీ ఎత్తేశాను, ఈసారి చెవి పక్కనే.

అంతకు ముందు గుర్తులు లేకపోలేదు. టీవీ పెద్దగా పెట్టేవాడు. ఏది చెప్పినా “ఆ?” అనేవాడు. నేను రోజూ “చెవిటోని ముంగట శంఖం ఊదినట్టుంది నా బతుకు,” అని దెప్పేదాన్ని. పెళ్లయిన మగవాడు పెళ్లాం మాట వినకపోతే దాన్ని రోగమని ఎవరనుకుంటారు? ఆ సామెతను ఆ రోజు నుంచి మా ఇంట్లో మానేశాం.

సంగారెడ్డిలో చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్నాళ్ల నుంచి అని డాక్టర్ అడిగితే మా ఆయన, “కొండాపూర్ దిక్కు సార్,” అన్నాడు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. మోతకు లోపలి నరం చచ్చిపోయిందనీ, తిరిగి రాదనీ, మిషన్ పెట్టుకుంటే కొంత నయమనీ చెప్పారు. తిరుగు బస్సులో నేను ఏడ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వెక్కిళ్లు వినబడవు కాబట్టి దాచుకునే పని లేకపోయింది. ముత్తంగి దాటి ఇల్లు దగ్గరపడ్డాక కళ్లు తుడుచుకున్నాను.

చెవి మిషన్‌లో ఫ్యాను మోగింది, గిన్నెలు మోగాయి, మనిషి మాట మాత్రం మోగలేదు. అది బీరువాలోకి పోయింది. ఫ్యాక్టరీవాళ్లు ఆయన్ని సామాన్ల స్టోరుకు మార్చారు. షిఫ్టులు మాత్రం వదల్లేదు.

అసలు దెబ్బ తగిలింది అత్తమ్మకు. డాక్టర్ ఏమన్నాడని అడిగింది. మిషన్ల మోత వల్లనే అని చెప్పాను.

“మోత ఆడ అందరికీ ఉన్నది. వీనికే ఎందుకైంది?”

ఆ గదిలో పనిచేసే వాళ్లంతా అరుస్తూనే మాట్లాడతారని చెప్పాను. తలకెక్కలేదు. కృష్ణుడి వైపు చూస్తూ కూర్చుంది.

“నేనే గదా పిల్లా, దినాం గా పిల్లంగోవి గుంజుకొని, నా కొడుకుకు ఇనబడనియ్యకు సామీ అని మొక్కింది. ఇన్నడు. పగటిపూటకు అడిగితే మొత్తానికే ఇచ్చిండు. చెవికి ఆయన పెట్టని మూత నేను పెట్టిన.”

“గట్ల అనకు అత్తమ్మా. నీకేమన్న పిచ్చా?”

“పిలిచినా ఇగ నా కొడుకు ఇనడు. అందర్నీ పిలుస్తడు ఆయన. వీడొక్కడు ఇనడు.”

పసుపు దారం తెచ్చి పిల్లనగ్రోవిని కృష్ణుడి పిడికిళ్లకు గట్టిగా కట్టేసింది, తానే కాదు ఎవరూ తీయలేనట్టు. శనివారం భజనకు పోవడం మానేసింది. అన్నం ముందు కూర్చుని రెండు మెతుకులు కతికి లేచేది. బక్కచిక్కిపోయింది. నా నోటికి ఎదురు చెప్పడం కూడా మానేసింది. అది నేను తట్టుకోలేకపోయాను.

“అమ్మకేమైంది?” అని మా ఆయన అడిగాడు. ఆయనకు చెప్పాలంటే అరవాలి. “నీకు చెవుడు తన వల్లనే వచ్చిందంటుంది!” అని అరిచాను. పక్క గోడ అవతలి నుంచి “నహీఁ నహీఁ, ఐసా నహీఁ హోతా,” అట్లా ఏం జరగదని జవాబొచ్చింది. మా ఆయన మాత్రం “ఆ?” అన్నాడు. చివరికి కృష్ణుణ్ణి చూపించి, అత్తమ్మను చూపించి, ఆయన చెవిని చూపించాను. ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

ఆ రోజుల్లోనే ఆయనకు నిద్ర పోయింది. డ్యూటీ నుంచి వచ్చి పడుకునేవాడు, కాసేపటికి లేచి కూర్చునేవాడు. ఒకరోజు అత్తమ్మ చాయ్ తెచ్చి ముందు పెట్టి, ఏందన్నట్టు చెయ్యి ఆడించింది.

“చెవుల ఈల ఏస్తుందమ్మా. ఆగుతలేదు,” అన్నాడు, అందరు చెవిటివాళ్లలాగే పెద్దగా.

అత్తమ్మ ఆయన ముఖానికి ఎదురుగా జరిగి, పెదవులు కనబడేట్టు అడిగింది. “ఎసొంటి ఈల?”

“సన్నగ. ఒక్కటే తీరు. యాడనో దూరంకెల్లి ఊదినట్టు.”

అత్తమ్మ చప్పున లేచింది. నా వైపు తిరిగింది. అంత వెలుగు ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. “ఇన్నవా పిల్లా? మూత పడలేదు! బయటి లొల్లి బంద్ చేసి, తానొక్కడే ఊదుతున్నడు!” అన్నది. నరం చచ్చిన చెవిలో అట్లాంటి మోత ఉంటుందని డాక్టర్ నాకు ముందే చెప్పాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అత్తమ్మ ఆ పూట కడుపు నిండా తిన్నది. నేను డాక్టర్ మాట మింగేసి ఇంకో గరిటె పప్పు వేశాను.

కబురు లైనంతా పాకింది. ఆడవాళ్లు వచ్చి మా ఆయన్ని చూసిపోయారు. ఒకామె కొబ్బరికాయ తెచ్చింది. పక్కింటి బిహార్ ఆమె అయితే ఆయన చెవి దగ్గర తన చెవి పెట్టి, ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నది. ఆయన బనీను మీద, కదలకుండా, మంగలి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. వినబడిందా అని అడిగితే, “థోడా థోడా,” అన్నది.

ఎవరికెంత వినబడినా నిద్ర పోయింది మాత్రం ఆయనకే. కళ్లు ఎర్రబడ్డాయి. స్టోరులో ఒక సామానడిగితే ఇంకొకటి ఇచ్చి తిట్లు తిన్నాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం చాప మీద లేచి కూర్చుని, రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు. లోపలి మోతకు అరచేతులు ఏం చేస్తాయి? తీశాడు, మళ్లీ మూశాడు. “నాకు పండుకోవాలని ఉందమ్మా,” అన్నాడు. ఎదిగిన మగవాడు ఏడుస్తుంటే చూడటం కష్టం. తన ఏడుపు తనకే వినబడదు కాబట్టి గట్టిగా ఏడ్చాడు.

అత్తమ్మ గడప మీద నిలబడిపోయింది. కొడుకును చూసింది, కృష్ణుణ్ణి చూసింది. పిల్లనగ్రోవి తీసినందుకే కొడుక్కు చెవుడొచ్చిందని నమ్మిన మనిషి. మళ్లీ తీస్తే ఆ మిగిలిన ఒక్క పిలుపు కూడా పోతుందని నమ్మే మనిషి.

మెల్లగా వెళ్లి కృష్ణుడి ముందు కూర్చుంది. “నీ మీద కోపం గాదు కిష్టయ్యా,” అన్నది. “నువ్వు పిలిచినప్పుడు వాడు రాకపోతే గా తప్పు నాది, నన్ను అడుగు. జెర పిల్లగాన్ని పండుకోనియ్యి.” దారం ముడి గోళ్లకు రాలేదు. పళ్లతో తెంపింది. పిల్లనగ్రోవిని లాగి పిడికిట్లో మూసుకుని, కొడుకు దగ్గరికొచ్చి, పెదవులు కనబడేట్టు అడిగింది.

“ఆగిందా కొడుకా?”

ఆయన తల్లి పిడికిలి చూశాడు. తెగిన దారం చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“ఆగిందమ్మా,” అన్నాడు.

గోడ వైపు తిరిగి పడుకుని కళ్లు మూసుకున్నాడు. అత్తమ్మ పిడికిలి విప్పకుండా గడపకు అడ్డంగా కూర్చుంది, లోపలికి ఎవరూ రాకుండా. నేను గోడ పక్కకు వెళ్లి వంగి ఆయన ముఖం చూశాను. రెప్పలు మూసే ఉన్నాయి, రెప్పల కింద కళ్లు తిరుగుతున్నాయి. పొద్దుగూకే దాకా అట్లాగే పడుకున్నాడు. నిద్రపోయిన మనిషి ఒక్కసారైనా పక్కకు దొర్లుతాడు. ఆయన దొర్లలేదు.

దీపం పెట్టే వేళకు అత్తమ్మ వంటింట్లోకి వచ్చింది. పిడికిలి విప్పితే అరచేతిలో పిల్లనగ్రోవి అచ్చు పడి ఉంది. నా వైపు చూడకుండా అడిగింది.

“నిజంగ పండుకున్నడా పిల్లా?”

“గురక పెట్టిండు గదా అత్తమ్మా. ఇనలేదా?”

ఆ గడప మీద, కొడుక్కు మూరెడు దూరంలో, ఆ పూటంతా కూర్చున్నది ఆమే.

“ఇన్న,” అన్నది అత్తమ్మ. పిల్లనగ్రోవిని ఆవాల గిన్నెలో పెట్టి, పోపు డబ్బాకు మూత వేసింది.