పెదనాన్న టెస్టరు

దువ్వాడలో ఒక కాలేజీలో ఫిలాసఫీ చెబుతాను. దాదాపు నాలుగు వందల ఏళ్ల క్రితం యూరప్‌లో ఒకాయన కళ్లను, చెవులను, చివరికి లెక్కలను కూడా అనుమానించాడనీ, అనుమానించే తాను ఉన్నానన్న ఒక్కటే ఆయనకు మిగిలిందనీ పాఠం మొదలుపెడతాను. తరవాతి కాలంలో మరొకాయన, నిన్న జరిగిందే రేపూ జరుగుతుందనుకోవడం మన అలవాటే తప్ప రుజువు కాదన్నాడు. పుస్తకాల కంటే ముందే ఈ అనుమానాన్ని నేను పెదనాన్న దగ్గర చూశాను.

ఆయన స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్. ఇంట్లో ఫ్యాను విప్పాలన్నా, దాని ఫ్యూజు పీకేశాక టెస్టరును ముందు పక్క గదిలో కరెంటున్న ప్లగ్గులో పెట్టేవాడు. అది వెలిగితే వచ్చి ఫ్యాను తీగకు ఆనించేవాడు. అక్కడ వెలగకపోతే మళ్లీ వెళ్లి అదే ప్లగ్గులో పెట్టేవాడు.

"ఇందాకే సూసేవు కదా పెదనాన్నా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఈలోగా ఇదే పోనాదేమో? తీగ సచ్చిందో, టెస్టరు సచ్చిందో ఏటి తెలుస్తాదమ్మా?"

పోయిన వానాకాలం ఆసుపత్రిలో నర్సు ఆయన చేతికున్న సూది తీసేస్తూ, "అయిపోయిందమ్మా" అంది. పక్క మంచం వాళ్లు ఇడ్లీ పొట్లం విప్పుతున్నారు. నాకు ఏడుపు రాలేదు. నా మణికట్టు మీద వేళ్లు పెట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది. ఆయన మణికట్టు పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను.

తరవాత మళ్లీ నాది చూసుకున్నాను. కొట్టుకుంటూనే ఉంది.