బాలానగర్ గోడౌనులో తిరగకలిపిన ఆవకాయ

ఈ ఉదయం నుంచి మా ఫ్లాటంతా కొత్త అట్టపెట్టెల వాసన. గచ్చిబౌలి నుంచి పుణెకి మా సామాను తరలించడానికి వచ్చిన కంపెనీ మనుషులు వాటిని చకచకా మడిచి నిలబెడుతూ, చర్రుమని టేపు లాగి అంటిస్తూ ఉంటే, అట్టా జిగురూ కలిసిన ఆ పొడి వాసన పడగ్గదుల దాకా పాకింది. వంటింట్లో సీసాల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ మేస్త్రీ చెయ్యి ఆపేసి, "పచ్చళ్ళు, నూనెలు తీసుకోం మేడమ్, కంపెనీ రూలు" అన్నాడు. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఈ రూలు నా చిన్నప్పుడే ఉండి ఉంటే మా అమ్మ తణుకు నుంచి అడుగు బయట పెట్టేదే కాదు.

తొంభైల చివరి సంగతి. నాకప్పటికి పదేళ్ళుంటాయేమో. మా ఇంట్లో ఆవకాయ అంటే నానమ్మే. వేసవి మొదలైందంటే ఆవాలూ మిరపకాయలూ డాబా మీద చాపల్లో ఎండేవి, దంపుళ్ళకి వచ్చినవాళ్ళు రోకలి వేస్తుంటే వీధి చివరి దాకా తుమ్ములే తుమ్ములు, తొట్టెలో తేలుతున్న మామిడికాయల్ని ఒక్కొక్కటే తుడిచి పొడిగుడ్డ మీద ఆరబెట్టడం పిల్లల పని, ముక్కలు కొట్టాక జీడి తీసి లోపలి పల్చటి పొర గోకెయ్యడమూ మా పనే, సాయంత్రానికి ఆ పులుపుకి వేలికొసలు మండిపోయేవి. ఇంత హడావిడిలోనూ నానమ్మ మడిచీర కట్టుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, పెద్ద బేసిన్ ముందు ఒక్కతే కూర్చుని కలిపేది. అమ్మకి అందించడం వరకే. ఉప్పు మాత్రం కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా అమ్మ చేత వేయించలేదు.

కలిపి జాడీకెత్తి మూతికి గుడ్డ వాసెన కట్టేస్తే ఆవకాయ అయిపోయిందనుకుంటారు తెలియనివాళ్ళు. మూడో రోజు దాన్ని మళ్ళీ బేసిన్‌లోకి వంచి, అడుగున చేరిన ఊటా పిండీ ముక్కలన్నిటికీ పట్టేలా తిరగకలపాలి. ఉప్పు చాలిందో లేదో తెలిసేది అప్పుడే, తక్కువైతే వెయ్యాల్సిందీ అప్పుడే, ముక్క మునిగేలా నూనె పొయ్యాల్సిందీ అప్పుడే. ఆ రోజు దాటిపోయిందా, పైముక్కలు బూజు పట్టి ఏడాది ఆవకాయ పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టడమే. నానమ్మ ఆ రోజు చిటికెన వేలితో పిండి నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకునేది. ఆవిడ కళ్ళు తెరిచేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు.

కార్తీకంలో నానమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యాక భోజనాల దగ్గర పెద్దత్తయ్య, అంటే నాన్నకి అక్క, "ఇహ మనింట్లో ఆవకాయ తిన్నట్టేలే. ఈ పిల్లకి ఉప్పు చెయ్యి ఎక్కడిదీ" అంది, అమ్మ వింటోందని తెలిసే. అమ్మ వడ్డన ఆపలేదు. వచ్చే వేసవికి ఆవకాయ తన చేత్తోనే పెట్టాలనీ, అది ఏడాదంతా ముక్క మెత్తబడకుండా నిలవాలనీ ఆ పూటే పంతం పట్టిందని నాకు తర్వాత తెలిసింది.

తీరా కాయ ముదిరే వేళకి నాన్నకి హైదరాబాదు బదిలీ అయింది. హైటెక్ సిటీ అనే కొత్త పేరు అప్పుడప్పుడే పేపర్లలో కనిపిస్తున్న రోజులు. ఆ చుట్టుపక్కలే ఏదో ప్రభుత్వ కార్యాలయం తెరుస్తున్నారు, వెంటనే వచ్చి చేరమన్నారు. ఆవకాయ అక్కడికి వెళ్ళాక పెట్టుకోవచ్చు కదా అని నాన్న అంటే, "ఆ ఊరి కాయ ఎలాంటిదో, ఎండ ఎలాంటిదో నాకేం తెలుసండీ" అని అమ్మ బయల్దేరే ముందురోజే కలిపేసింది. మర్నాడు లారీ. ట్రాన్స్‌పోర్టు ఆఫీసాయన తాంబూలం నములుతూ, "మీరు రైలు దిగేసరికి మీ సామాను మీ గుమ్మంలో ఉంటుందండీ, నాదీ పూచీ" అన్నాడు. మూడో రోజు పొద్దున్నే కొత్తింట్లో జాడీ దించుకోవచ్చని అమ్మ లెక్క.

జాడీ ఒక్కటీ రైల్లో మనతోపాటు తీసుకెళ్దామని నాన్న చెప్పకపోలేదు. అమ్మే ఒప్పుకోలేదు. "రైల్లో ఎవరెవరి చేతులు తగులుతాయో. అత్తయ్యగారి జాడీ అది" అంది. లారీలో అయితే మన సామాను మధ్య, మనం పెట్టినచోట, మనం పెట్టినట్టే ఉంటుంది కదా. అందుకని చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి, జాడీని కూర్చోబెట్టి, పక్కన పప్పునూనె డబ్బా ఇరికించి, తడిబట్ట కట్టుకుని తనే లారీ ఎక్కి పరుపుల మధ్య సర్దింది. దారిలో ఆ పెట్టె దించి ఎక్కించేవాళ్ళు కూడా మనుషులేననీ, వాళ్ళకీ చేతులుంటాయనీ మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. మడి కోసం మేము చేసిన తెలివైన పని అది.

రైలు దిగి బోరబండ చేరాం. రైలు పట్టాలకి ఇవతల రెండు గదుల వాటా, వెనక పెరటి బదులు పెద్ద పెద్ద రాతిగుండ్లు. తణుకులో కాలవలూ కొబ్బరిచెట్లూ తప్ప ఎరగని నాకు ఆ గుండ్లు భలే నచ్చాయి, గంటలో గౌను వెనక చిరిగిపోయేలా వాటి మీంచి జారాను. ఇంటివాళ్ళ స్టవ్ అడిగి అమ్మ పాలు పొంగించింది. లారీ మాత్రం రాలేదు. నాన్న సందు మలుపులో ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోను చేసి వచ్చాడు. మనది నిండు లారీ కాదట, నాలుగైదిళ్ళ సామాను కలిపి వేశారట, మొత్తం బాలానగర్ గోడౌనులో దింపేసి లారీ ఎటో వెళ్ళిపోయిందట, చిన్న బండి దొరికినప్పుడు పంపిస్తారట.

"ఎప్పుడు దొరుకుతుందిటండీ?"

"రెండు మూడు రోజుల్లో అంటున్నారు."

"ఇవాళ మూడో రోజండీ" అంది అమ్మ.

నాన్న ఆ రోజే ఉద్యోగంలో చేరాలి. ఆయన సర్దిచెప్పి వెళ్ళగానే అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. ఆ ఊళ్ళో దిగి ఒక పూట కాలేదు, భాష మనదే అయినా యాస కొత్త, ఏ బస్సు ఎటు పోతుందో తెలీదు. కనబడిన ప్రతి ఆడమనిషినీ ఆపి బాలానగర్ ఎటమ్మా అని అడుక్కుంటూ, కొంత దూరం ఆటోలో, కొంత దూరం ఎండలో నడిచి చేరాం. రెండు వైపులా రేకుల షెడ్లు, లోపలి నుంచి ఇనుము అరగదీసే చప్పుడు, కాలిన నూనె వాసన. దారిలో సోడా కావాలని ఏడిస్తే అమ్మ నా వైపు చూసిన చూపుకి ఏడుపు మానేశాను.

గోడౌను గుమ్మంలో సామాను తూచే కాటా ఉంది. పక్కన కుర్చీలో సూపర్‌వైజరు. ఆఫీసు నుంచి ఫోను రానిదే తాళం తియ్యనన్నాడు. అమ్మ రెండుసార్లు మర్యాదగా అడిగింది. మూడోసారి అడగకుండా వెళ్ళి కాటా పళ్ళెం మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది, నన్ను కూడా లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. బయట అప్పుడే మూటలతో బండి వచ్చి ఆగింది. హమాలీలు మూటలు భుజాన వేసుకుని వచ్చి మా ఇద్దరినీ చూసి నిలబడిపోయారు.

"ఏందమ్మా గిది! జర లేవండి, అవతల బండ్లు ఆగినయి."

"తాళం తియ్యండి, లేస్తాను. నా సామాను ఇమ్మని అడగట్లేదండీ. ఆవకాయ తిరగకలుపుకుని మళ్ళీ అక్కడే పెట్టేస్తాను."

"పచ్చడి కోసమా గింత లొల్లి!" అన్నాడాయన. హమాలీలు గొల్లుమన్నారు. నాకు సిగ్గుతో భూమిలోకి దిగబడిపోవాలనిపించింది. అమ్మ మాత్రం తణుకులో మా అరుగు మీద కూర్చున్నంత ధీమాగా కూర్చుంది.

వాచ్‌మన్ భార్య, యాదమ్మ అని తర్వాత తెలిసింది, చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆపి వచ్చింది. "తొక్కు పెట్టి ఎన్నొద్దులైందమ్మా?" అని అడిగి, మూడో రోజని విని, సూపర్‌వైజరు వైపు తిరిగింది. "తాళం తియ్యి సారూ. తొక్కు ఖరాబైతే ఏడాది పొడుగూత ఏం తింటరు ఆళ్ళు?" ఆయన నెత్తి గోక్కుని తాళాలగుత్తి తీశాడు.

లోపల ఎవరెవరి సంసారాలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కాళ్ళు పైకి పెట్టిన మంచాలు, ఎవరిదో ఉయ్యాల, ఎవరిదో తులసికోట, మా కుక్కరు మరెవరిదో పరుపు మీద. అప్పటిదాకా నవ్విన హమాలీలే మా చెక్కపెట్టె వెతికి తీశారు. పక్కకి ఒరిగి ఉంది. జాడీ పగల్లేదు కానీ వాసెన గుడ్డంతా ఎర్రగా తడిసింది, జాడీలో నూనె సగం గడ్డి తాగేసింది, పైముక్కలు తెల్లబోయి కనిపిస్తున్నాయి. అమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అలాగే కొంగు నడుముకి చుట్టి, బేసిన్ ఉందా అమ్మా అని యాదమ్మని అడిగింది.

యాదమ్మ బేసిన్ తోమి, తుడిచి, ఎండలో పెట్టి తెచ్చింది. అమ్మ జాడీ వంచింది. గుప్పుమని ఆవఘాటు లేచి, ఇనుమూ నూనే కంపు కొట్టే ఆ షెడ్డంతా ఒక్కసారి మా ఇల్లయిపోయింది. చేత్తో అడుగు నుంచి పైకి కలిపి, చిటికెన వేలితో నాలిక్కి రాసుకుని అమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, "ఉప్పు తక్కువైంది" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. తల తిప్పి చూసింది కూడా, అలవాటుగా. అక్కడ నానమ్మ లేదు.

మా ఉప్పు బస్తా ఎక్కడో బీరువాల కింద ఉంది. "మా ఇంట్ల దొడ్డుప్పుంది, తేవాల్నా?" అంది యాదమ్మ. నానమ్మ బతికుంటే పరాయి ఇంటి ఉప్పు కాదు, పరాయి నీడ కూడా ఆ జాడీ మీద పడనిచ్చేది కాదు. అది అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మ బేసిన్ వైపు చూసింది, తెల్లబోయిన ముక్కల వైపు చూసింది. "తీసుకురా తల్లీ" అంది.

యాదమ్మ ఉప్పు పొట్లం తెచ్చి అమ్మ చేతికివ్వకుండా నేలమీద పెట్టింది. ఉప్పు చేతికివ్వకూడదనే పట్టింపు ఆవిడకీ ఉందని చూసి అమ్మ మొదటిసారి నవ్వింది. కాలే రేకు మీద దాన్ని ఆరబోసి, యాదమ్మ రోట్లోనే మెత్తగా దంచి, అందాజుగా చల్లి, కలిపి, మళ్ళీ రుచి చూసి, ఇంకో చిటికెడు వేసి చాలనుకుంది. డబ్బాలోని నూనె పోసి జాడీకెత్తింది. యాదమ్మ పొయ్యి మీద అన్నం అప్పుడే ఉడికింది. బేసిన్‌కి అంటిన పిండిలో ఆ వేడన్నం వేసి కలిపి అమ్మ ముద్దలు పెట్టింది, యాదమ్మకి, హమాలీలకి, నాకు. సూపర్‌వైజరు కూడా వచ్చి చెయ్యి చాపాడు. "గింత కారమేందమ్మా!" అంటూ కళ్ళు తుడుచుకుని, ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

జాడీని మళ్ళీ అక్కడ వదలలేదు అమ్మ, ఆయనా వదలమనలేదు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని బోరబండ తెచ్చింది. మిగతా సామాను తర్వాతెప్పుడో అద్దం పగిలి, మంచం కోడు విరిగి, ఎవరిదో ఉయ్యాల అదనంగా వేసుకుని వచ్చింది.

చలికాలంలో పెద్దత్తయ్య ఊరు చూడ్డానికి వచ్చింది. కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడ చూపించి తెచ్చాక అమ్మ ఆవిడకి అన్నం పెట్టి ఆవకాయ వేసింది. అత్తయ్య రెండు ముద్దలు తిని, ముక్క కొరికి చూసి, "అచ్చం అమ్మ కలిపినట్టే ఉందే. ఉప్పు ఎంత కుదిరిందీ!" అంది. ఆ మాట కోసం అమ్మ ఏడాది నుంచి ఎదురుచూసింది. విని ఊరుకుంటే సరిపోయేది.

"ఆ ఉప్పు మనింటిది కాదు వదినగారూ. బాలానగర్ గోడౌన్లో యాదమ్మని ఉంది, ఆవిడ పెట్టింది" అంది అమ్మ.

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని ఎదురుగా అలాగే నిలబడింది. కాసేపటికి అత్తయ్య, "ఇంకో ముక్క వెయ్యి" అంది. ఆ తర్వాత ఉప్పు సరిపోయిందా అని అమ్మ ఎవరినీ అడగ్గా నేను వినలేదు.

ఇప్పుడు ఆ రేకుల షెడ్ల జాడ లేదు. నేను జారిన గుండ్లని పేల్చి, ఆ రాయితోనే కాబోలు, మేడలు లేపారు. యాదమ్మ ఎక్కడుందో తెలీదు. మడిచీరలు పోయాయి, తుమ్ములు తెప్పించే దంపుళ్ళు పోయాయి, అమ్మ కూడా పోయి కొన్నేళ్ళయింది. ఏ వస్తువు ఏ బండిలో ఎక్కడుందో ఫోనులో కనిపిస్తుంది కాబట్టి దాని కోసం ఎవరూ వెళ్ళి కాటా మీద కూర్చోనక్కర్లేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను ఆవకాయ కలిపి తన ముందు పెట్టేదాన్ని, ఉప్పు సంగతి తను చెబుతుందని చూసేదాన్ని. "నా మొహం చూస్తావేం, నీ నాలికతో నువ్వు చూసుకో" అని కసిరేది. నిరుడు మూడో రోజున ఎవరూ లేని వంటింట్లో బేసిన్ ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని రుచి చూసి, పక్కకి తిరగబోయి ఆగాను. "సరిపోయింది" అని పైకే అనేసి జాడీకెత్తాను.