అందరూ లేవండి

ఎవరింటికి వెళ్ళినా సుధామయి గారు ముందు కుర్చీని పలకరిస్తారు. మనిషి తర్వాత.

కెనడాలోని కిచెనర్‌లో ఆవిడ కైరోప్రాక్టర్. మందూ మాత్రా లేకుండా వెన్నునీ కీళ్ళనీ చేత్తో సవరించే వైద్యం. చేతిసంచిలో ఎప్పుడూ కుర్చీ బోల్టులు తిప్పే అలెన్ కీ ఒకటి ఉంటుంది. దానితో బ్యాంకు మేనేజరు కుర్చీ ఎత్తు తగ్గించారు, ఆయన కూర్చుని ఉండగానే. ఒక పెళ్ళిలో వరుడి సింహాసనాన్ని ఊపి చూసి, "ఇందులో అరగంట మించి వద్దు నాయనా" అన్నారు. పురోహితుడు మంత్రాలు కుదించాడు.

ఆవిడ క్లినిక్‌లో వచ్చినవాళ్ళకు కుర్చీ ఉండదు.

"ఎక్కడ కూర్చోను ఆంటీ?" అని నడుం నొప్పితో వచ్చిన నిఖిల మొదటిరోజు అడిగింది.

"కూర్చుని కూర్చునే కదా ఇక్కడికొచ్చావు."

అరగంట ప్రశ్నలు. కాళ్ళలో తిమ్మిరి ఉందా, పట్టు తగ్గిందా అని చూశారు. "ఉంటే నేను ముట్టుకోను. ముందు స్కాన్‌కి పంపిస్తా." లేవు. బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము దగ్గర ఒక్క నొక్కు నొక్కారు. టక్కుమంది.

"ఎముక సెట్ అయిందా ఆంటీ?"

"ఆ చప్పుడు కీలులో గాలిబుడగది. ఎక్సర్‌సైజులు చెయ్యకపోతే మళ్ళీ బిగుసుకుంటుంది."

నొప్పి కన్నా భయమే నిఖిలను ఎక్కువ బాధపెడుతోంది. కాంట్రాక్ట్ నెలాఖరుకు అయిపోతుంది. రెన్యూ చేయవలసింది మేనేజర్ జనార్ధనరావు గారు. శనివారం మధ్యాహ్నం టీమ్ అందరికీ ఆయనింట్లో భోజనం.

"ఇరవై నిమిషాలు మించి కూర్చోలేను ఆంటీ. నేనొక్కదాన్నే లేస్తే తెలిసిపోతుంది. నడుం నొప్పి మనిషిని ఎవరు రెన్యూ చేస్తారు?"

"చెప్పెయ్."

"చెప్పలేను."

"సరే. చెప్పడం నీ పని, నేను చెప్పను. ఆయన నాకూ తెలుసు. నన్నూ పిలిచారు, వస్తాను."

శనివారం పద్దెనిమిది మంది జనార్ధనరావు గారి కొత్త టేకు కుర్చీల్లో కూర్చున్నారు. పప్పు వచ్చింది. పులుసు వచ్చింది. నిఖిల నడుములో మంట మొదలైంది. టేబుల్ అంచు పట్టుకుంది.

సుధామయి గారు కుర్చీ వెనక్కి నెట్టి నిలబడ్డారు. చెప్పేస్తారేమోనని నిఖిల వద్దన్నట్టు తల ఊపింది.

"ఇక చాలు. అందరూ లేవండి."

జనార్ధనరావు గారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "కుర్చీలకేమైందండీ? కొత్తవి."

"మీ ఇంట్లో, మీ ముందే ఆ మాట చెప్పడం బాగుండదు. లేవండి."

"తింటున్నామండీ."

"ప్లేటు చేత్తో పట్టుకోలేరా?"

లేచారు. ఇంటాయన చివర లేచారు. ఎవరో "పిచ్చి ముదిరింది" అన్నారు, వినపడేట్టే. సుధామయి గారు ఊరమిరపకాయ కొరికారు.

అందరూ నిలబడ్డ గదిలో నిఖిలను ఎవరూ చూడలేదు. ఆమె గోడ గడియారం చూసింది. కూర్చుని పంతొమ్మిది నిమిషాలైంది.

బయట కారు దగ్గర నిఖిల అంది: "నాకోసం పిచ్చిదనిపించుకున్నారు."

"పదేళ్ళుగా అనిపించుకుంటున్నా, కొత్తేం కాదు. సోమవారం నువ్వే లేచి చెప్పు. నిలబడి పనిచేసే డెస్క్ అడుగు."

"ఇవ్వనంటే?"

"మీ ఆఫీసు కుర్చీలు చూడటానికి నేనొస్తా."

సోమవారం మీటింగ్ మధ్యలో నిఖిల లేచి నిలబడింది. "నడుముకి ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నానండీ. నిలబడి చేస్తే నా పని ఆగదు. స్టాండింగ్ డెస్క్ కావాలి."

"ట్రీట్‌మెంట్ ఎవరి దగ్గర?"

చెప్పింది. జనార్ధనరావు గారు తన కుర్చీ వైపు ఒకసారి చూసుకున్నారు.

"డెస్క్ తెప్పిస్తాను. రెన్యువల్ శుక్రవారమే పంపేశాను, నీ పని చూసి. ఆవిడ మాత్రం ఇటు రాకుండా చూడమ్మా."

మరుసటి వారం క్లినిక్‌లో రెండు టేకు కుర్చీలున్నాయి. అచ్చం జనార్ధనరావు గారింట్లో ఉన్నవాటిలాంటివే.

"ఇవి మంచివి కావన్నారు కదా ఆంటీ?"

"ఎప్పుడన్నాను? అందరినీ లేవమన్నాను, అంతే. ఇంత మంచి కుర్చీలు నేనెక్కడా చూడలేదు, అందుకే కొన్నాను."

నిఖిల నవ్వుతూ కూర్చోబోయింది.

"నువ్వు కాదు. లే."