వానపాములకు వేషం

ఫిల్మ్‌నగర్‌లో అడుగుపెట్టిన కొత్తల్లో మనిషికి రోషం అవసరానికి మించి ఉంటుంది. నాకూ ఉండేది. ఒక దర్శకుడి ఆఫీసులో, మాటల రచయితకు సహాయకురాలిని. (ఆయన చెప్పింది టైపు చేయడం, కళ్లజోడు వెతికిపెట్టడం నా విధులు.) అక్కడ రోజూ బోలెడుమందికి వంట. కూరగాయల తొక్కలు, వాడేసిన టీపొడి సంచులకొద్దీ చెత్తబండిలోకి పోతుంటే ప్రాణం ఒప్పక, మెట్ల కింద రెండు ప్లాస్టిక్ తొట్లలో వానపాములను పెంచాను. అవి ఆ తొక్కలన్నీ తిని, నల్లగా మెత్తగా ఎరువు చేసిపెట్టేవి. ఆఫీసంతా నన్ను ‘పాములక్క’ అనేది. అననీ! ఆ ఆఫీసులో నేను పెట్టింది వంక పెట్టకుండా తినేవి అవే మరి.

ఒక ఉదయం చూద్దును కదా, తొట్లు ఖాళీ!

“ఆర్ట్ డిపార్ట్‌మెంటోళ్లు పట్టుకపోయిండ్రమ్మా. సమాధి సీన్ల పురుగులు కావాల్నట,” అన్నాడు వంటాయన.

అడగడం లేదు, చెప్పడం లేదు! ఒళ్లు మండిపోయి, ఆటో ఎక్కి జూబ్లీహిల్స్‌లో షూటింగు జరుగుతున్న బంగళాకు వెళ్లాను. పెరట్లో గొయ్యి, చుట్టూ పెద్ద పెద్ద లైట్లు, గోతిలో శవం వేషగాడు, అతని గుండెల మీద నా వానపాములు! వాటికి వెలుతురు పడదు, తడి ఆరితే చచ్చిపోతాయి. దర్శకుడు “యాక్షన్” అనగానే కెమెరా ముందుకు దూకాను.

“ఆపండి! అవి నావండీ!”

“కట్! ఎవరమ్మా నువ్వు?” (రోజూ ఆయన ఆఫీసులోనే ఉండే నన్ను!)

“మీ రచయితగారి అసిస్టెంటునండీ. నన్నడక్కుండా తెచ్చేశారు. ఈ వేడికి చచ్చిపోతాయండీ.”

“పురుగుల కోసం షాట్ ఆపుతావా? మతుందా నీకు?”

“ప్రాణమున్నవండీ అవి!”

ఆ మాటకు శవం ఒక కన్ను తెరిచింది. “ఏందన్నా, రబ్బరువి అన్నరు గదనే!” అంటూ లేచి, చొక్కా దులుపుకుంటూ పెరడంతా పరుగెత్తింది. యూనిట్టంతా పడీపడీ నవ్వింది, దర్శకుడు తప్ప.

నేను నేల మీద కూర్చుని, అక్కడున్న గోనెసంచి ఒకటి తడిపి, దొరికినవాటిని దొరికినట్టు అందులోకి ఏరుకున్నాను. కాసేపటికి శవం చొక్కా విప్పి పట్టుకుని, మొహం అటు తిప్పుకుని వచ్చింది. “జర చూడక్కా, జేబుల ఒకటున్నట్టుంది.”

కొన్ని చచ్చిపోయాయి. చాలావరకు బతికాయి. నా ఉద్యోగం మాత్రం ఆ సాయంత్రమే పోయింది. “రేపట్నుంచి రావద్దు” అంటే, “రమ్మన్నా రానండీ!” అని సంచి భుజాన వేసుకుని నడిచాను. తప్పు వాళ్లదైతే శిక్ష నాకా అని దారంతా రుసరుసలే.

ఇప్పుడు నేనూ మాటలు రాస్తున్నాను. మొన్న కథాచర్చలో, నేను ఎంతో ఇష్టపడి రాసిన సీను తీసేశారు. “ఓకే సార్” అని బిస్కెట్టు తిన్నాను. ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చున్నాక ఆ పాములక్క గుర్తొచ్చింది. తనే అయితే ఆ గదిలో ఎంత రభస చేసేదో అనుకుని నవ్వుకున్నాను. నవ్వయ్యాక, ఆ పిల్ల మీద కొంచెం అసూయ కూడా కలిగింది.