ఆరిపోయాక తెరుచుకున్న పెట్టె

అక్క ఇంటి వెనక గదిలో కూర్చుని అతను పాత ఫైర్‌వాల్ పెట్టెలు విప్పేవాడు. ఆఫీసు కంప్యూటర్లకూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా కాసే పెట్టెలవి. లైసెన్సు గడువు తీరగానే ఆఫీసులు వాటిని తుక్కులో వేసేవి. లోపల చాలావరకు అన్నీ బాగానే ఉండేవి.

అతనూ అలాంటి ఆఫీసులోంచి వచ్చినవాడే. యాభై దాటాక ఉద్యోగం పోయింది. పెళ్లి చేసుకోలేదు. అక్క రమ్మంది, వచ్చాడు.

“ఇల్లరికపు అల్లుళ్లను చూశాం గానీ, ఇల్లరికపు బావమరిదిని మా ఇంట్లోనే చూస్తున్నా,” అనేవాడు బావ. నవ్వుతూనే అనేవాడు. అన్నం తినేటప్పుడు అనేవాడు.

బావది రక్తపరీక్షల ల్యాబు; రక్తం తీసేది అక్క. ఇంటి ముందు గదుల్లోనే. అక్కడి కాపలా పెట్టె పాడైంది. కొత్తది కొంటానన్నాడు.

“వాడు చేస్తాడుగా, ఒకసారి చూడండి,” అంది అక్క.

“ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. మీ తమ్ముడి పెట్టెల్ని తుక్కువాడు కూడా వద్దన్నాడు.”

“ఏనుగు మీ ల్యాబు గుమ్మంలో పట్టదు బావా,” అన్నాడు అతను.

బావ నవ్వి, సరే పెట్టమన్నాడు.

ఆ మాట కోసమే అతను ఎదురు చూశాడు. తను లేకపోతే జరగని పని ఆ ఇంట్లో ఒక్కటైనా ఉంటే, ముద్ద గొంతు దిగేది.

ఉచితంగా దొరికే, ఎవరైనా చదివి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మెమరీ పెంచాడు. పెట్టెకు ఒక పక్క ఖాళీ అర ఉంది. ఇంకో తుక్కు పెట్టెలోంచి తీసిన, తీగలు గుచ్చే పోర్టుల కార్డు అందులో అతికినట్టు కూర్చుంది. బయటి తీగనూ లోపలి తీగనూ ఆ కార్డులోని పక్కపక్క పోర్టులకు పెట్టాడు. బయటి నుంచి రకరకాలుగా లోపలికి రాబోయాడు. పెట్టె రానివ్వలేదు. అక్కను పిలిచాడు.

“ఏం చూడమంటావురా?”

“లోపలికి ఏమీ రావడం లేదు, చూడు.”

“రానిదాన్ని ఎట్లా చూసేది?”

నడుస్తున్న పెట్టెనే పరీక్షించాడు. ఆర్పి చూడలేదు. ల్యాబు బీరువాలో పెట్టి తలుపు మూశాడు.

కాపలా లేకపోయినా ఫరవాలేదు, ఇంటర్నెట్ మాత్రం ఆగకూడదనుకున్నవాళ్ల కోసం చేసిన కార్డు అది. కరెంటు అందకపోతే అందులోని చిన్న మీట దానంతటదే పడి, ఆ రెండు పోర్టులనూ నేరుగా కలిపేస్తుంది; మధ్యలో కాపలా ఉండదు.

వానల్లో పెట్టెకు కరెంటు అందించే భాగం కాలిపోయింది. ఇంటర్నెట్ ఆగలేదు. ఆగి ఉంటే ఎవరో ఒకరు కేకేసేవారు. మూసిన బీరువాలో పెట్టె చచ్చి పడి ఉందని ఎవరికీ తెలియలేదు.

ఒక ఉదయం ల్యాబు కంప్యూటర్లో రిపోర్టులు తెరుచుకోలేదు. బయటివాళ్లెవరో ఇంటర్నెట్‌లోంచి వచ్చి వాటికి తాళం వేసి పోయారు.

అతను బీరువా తీసి పెట్టె మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. కార్డు ఊడదీసి భూతద్దం కింద పెట్టాడు. మీట కనిపించింది.

“అంత గట్టి దొంగలా?” అడిగాడు బావ.

“కాదు బావా. తలుపు నేనే తీసిపెట్టాను.”

“కావాలనా?”

“తెలియక.”

బావ ఫోను తీసి, కొత్త పెట్టె కోసం కంపెనీకి చెప్పాడు.

పరీక్షలు చేయించుకున్నవాళ్లను మళ్లీ పిలిపించారు. “ఆ చెయ్యి ఇంకా సలుపుతోందమ్మా, ఇందులోంచి తియ్యి,” అని ఒక ముసలావిడ రెండో చెయ్యి చాపింది. అక్క తలెత్తకుండా సూది గుచ్చింది.

కొత్త పెట్టె బిగించడానికి కంపెనీ మనిషి వచ్చిన రోజు, అతను ల్యాబు గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

“ఏమైనా పట్టుకోనా అక్కా?”

“నువ్వు పోయి కాసేపు పడుకోరా.”

అతను అప్పుడే నిద్ర లేచి వచ్చాడు. వెనక గదికి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. గోడ అవతల కంపెనీ మనిషి గొంతు వినిపించింది.

“ఇక్కడ దీన్ని చూసుకునేవాళ్లు ఎవరండీ?”

“ఎవరూ లేరు,” అన్నాడు బావ. “మీరే వచ్చి చూసుకోవాలి.”