ఏరినవాడే ముందు తినాలి

దేశ రాజధానికి వెళ్ళి లక్ష్మీనగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదివే రోజుల్లో నాకు రాని విద్యంటూ లేదు, ప్రిలిమ్స్ గట్టెక్కడం తప్ప. ఎవరు దేని గురించి మాట్లాడినా మధ్యలో దూరి "అదెంత పని" అనేవాణ్ణి. నా గదిలోనే ఉండే కరీంనగర్ అన్నని అందరం నోట్సన్న అనేవాళ్ళం (స్నానానికి వెళ్ళినా చేతిలో నోట్సే మరి). ఆ ఏడు ఆయన మెయిన్స్‌కి వచ్చాడు. అదే ఆఖరి అటెంప్టు, శుక్రవారం పొద్దున మొదటి పేపరు. గురువారం మధ్యాహ్నం మెస్ నుంచి వచ్చిన సొరకాయ కూర మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, "వానలు పడుతున్నయ్ తమ్మీ. ఊర్ల ఉంటే ఈపాటికి పుట్టగొడుగుల కూర తిందుము" అన్నాడు.

అంతే, నాలో పండితుడు లేచాడు. "మా అమ్మమ్మతో అడవికెళ్ళి ఎన్ని ఏరలేదన్నా" అన్నాను. (ఏరింది అమ్మమ్మ. నేను బుట్ట మోశాను, అదీ వెళ్ళేటప్పుడు మాత్రమే.) ఏరినవాడే ముందు తినాలి, వాడు బాగుంటేనే మిగతావాళ్ళు ముద్ద కలపాలి అన్న అమ్మమ్మ మాట కూడా గొప్పగా చెప్పాను. వెనక పార్కులో చెట్టు మొదట్లో తెల్లగా గుంపుగా మొలిచినవి కోస్తుంటే తోటమాలి వచ్చి "మత్ ఖానా భయ్యా, కుత్తా భీ నహీఁ సూంఘ్‌తా" అన్నాడు (తినొద్దు, కుక్క కూడా వాసన చూడదట). కుక్కలకేం తెలుసు రుచి అనుకున్నాను.

గదికొచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, ధనియాల పొడి వేసి వండాను. విషపువైతే పసుపు నల్లబడుతుందంటారు, నల్లబడలేదు కాబట్టి మంచివేనని తీర్పు కూడా ఇచ్చాను. (ఆ పరీక్ష ఉత్త బూటకమని మర్నాడు డాక్టరు చెప్పాడు.) తీరా కంచం ముందుకొచ్చేసరికి నాకు అనుమానం వచ్చింది. ఇవి అమ్మమ్మ ఏరిన రకమేనా? తెలీదు. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. "నాకు గురువారం ఒక్కపొద్దన్నా, నువ్వు తినెయ్" అన్నాను. ఆయన నన్ను నమ్మి అన్నంలో కలుపుకున్నాడు. "మా అవ్వ చేసినట్టే ఉన్నది" అని రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఆటోలో పడేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పొద్దున తొమ్మిదింటికి అందరూ పరీక్ష హాల్లో కూర్చుంటే ఆయన చేతికి సెలైన్ సూదితో మంచం మీద ఉన్నాడు. ప్రాణం దక్కింది, పరీక్ష పోయింది. గోడ గడియారం వైపు చాలాసేపు చూసి, "పోయిన గురువారం నాతోని ఎగ్ రోల్ తిన్నవ్ గద తమ్మీ" అన్నాడు మెల్లగా. ఒక్క తిట్టూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఊరెళ్ళిపోతూ తన నోట్సంతా నాకే ఇచ్చి పోయాడు. దాంతో కూడా నేను గట్టెక్కలేదనుకోండి.

ఇప్పుడు ఆ ఊరి పక్కనే వైశాలిలో కాపురం, ఏదో ప్రైవేటు ఉద్యోగం. పుట్టగొడుగులు దుకాణంలో ప్యాకెట్లో దొరుకుతాయి. అయినా కూర దించగానే ముందు నేనొక్కణ్ణే నాలుగు ముద్దలు తిని, కాసేపు కూర్చుని, అప్పుడు ఇంట్లోవాళ్ళని పిలుస్తాను. మా ఆవిడ తిండిపోతు అంటుంది. మా అమ్మాయి "పాపా, హమేషా పహలే ఆప్ హీ క్యోఁ?" అని అడుగుతుంది, నాన్నా, ఎప్పుడూ ముందు మీరేనా అని.

"నాకు ఒక్కపొద్దు లేదు కదమ్మా" అని నవ్వేస్తాను, గురువారమైనా సరే.